పొరుగింటి పుల్లకూర, పదో ఆజ్ఞ

అన్నవరం రత్నగిరి మీద వ్రత మండపాలు ఎప్పుడు చూసినా కిటకిటలాడుతుంటాయి. కొత్త దంపతులు, ఇల్లు కట్టుకున్నవాళ్లు, మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు పీటల మీద కూర్చుని సత్యనారాయణస్వామి కథ వింటారు. ఆ కథలో ఓ వర్తకుడున్నాడు. పడవ నిండా ధనంతో ఇంటికి తిరిగొస్తుంటే ఓ సన్యాసి ఎదురై, లోపల ఏముందని అడుగుతాడు. ఎక్కడ ఇవ్వాల్సి వస్తుందోనని వర్తకుడు ఆకులూ అలములూ తప్ప ఏమీ లేవని బొంకుతాడు. తీరా చూసుకుంటే పడవలో నిజంగానే అవే ఉంటాయి. నిజానికి అతడికి లోటేమీ లేదు. ఉన్నది చాలదేమోనన్న భయమే అబద్ధమాడించింది.

ఆ భయానికి కులమతాలు లేవు. కొండ దిగి రహదారి మీదకొస్తే అటు తుని దాకా, ఇటు రాజమండ్రి దాకా దారి పొడవునా ఎన్నో ఊళ్లలో చర్చిలు కనిపిస్తాయి. అక్కడి విశ్వాసులు చిన్నప్పుడే కంఠస్థం చేసే పది ఆజ్ఞల్లో చివరిది ఈ జబ్బు గురించే. పొరుగువాడి ఇల్లు, భార్య, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద... అతడిదైన దేని మీదా ఆశ పెట్టుకోవద్దంటుంది అది.

ఈ ఆజ్ఞలో ఓ విచిత్రం ఉంది. హత్యకు, దొంగతనానికి, అబద్ధ సాక్ష్యానికి కోర్టులున్నాయి. పదో ఆజ్ఞను మీరినవాణ్ని పట్టుకునే పోలీసు లేడు. నేరమంతా గుండె లోపలే జరిగిపోతుంది. ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించానని చెప్పుకోగలిగిన అపొస్తలుడు పౌలు కూడా ఈ ఒక్క ఆజ్ఞ దగ్గరే తన లోపలి పాపం బయటపడిందని రోమా సంఘానికి రాసిన పత్రికలో ఒప్పుకున్నాడు. కొలొస్సయులకు రాస్తూ ధనాపేక్షను ఏకంగా విగ్రహారాధనతో సమానం చేశాడు.

చూపు పక్కింటి మీదే

ఆజ్ఞలో పదేపదే వచ్చే మాట ‘పొరుగువాడు’. అది ఊరికే పడిన మాట కాదు. ముంబయిలో అంబానీ ఎన్ని అంతస్తుల మేడ కట్టుకున్నా శంఖవరంలో ఎవరికీ నిద్ర చెడదు. పక్కింటివాడు పైన ఇంకో గది వేస్తే చెడుతుంది. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత పుట్టింది అందుకే. దురాశకు దూరదృష్టి లేదు. దాని చూపు గోడ దాటి అవతలి పెరట్లోకే వెళుతుంది.

గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్లు ఇంటిపనులకు గల్ఫ్ దేశాలకు వెళ్లారు. అలాంటి ఓ కుటుంబాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. చిన్న కోడలు నాలుగేళ్లు కువైట్‌లో పనిచేసి వచ్చింది. పెట్టె తెరిచి, ‘‘ఇది నీకే అక్కా’’ అంటూ పెద్ద కోడలి చేతిలో చీర పెట్టింది. ‘‘ఎందుకమ్మా ఇంత ఖరీదైంది!’’ అంటూనే ఆమె తోడికోడలి మెడలోని గొలుసు వంక చూసింది. ఆ రాత్రి తన పెంకుటిల్లు మొదటిసారి చిన్నదిగా కనిపించింది. ఇంట్లోంచి ఒక్క వస్తువూ పోలేదు. పొద్దున ఉన్నవన్నీ సాయంత్రమూ ఉన్నాయి. అయినా ఏదో పోయినట్టుంది. వారం తిరక్కుండానే, ‘‘ఏవండీ, మనం మాత్రం ఎన్నాళ్లండీ ఈ కొంపలో?’’ అని మొదలవుతుంది. నూటికి ఐదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పునాది తీస్తారు. స్లాబు పడేనాటికి ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు కావాలి.

ఇలాంటి మంట చర్చిలో కూడా రాజుకుంటుంది. దేవుడు మాకు స్థలం ఇచ్చాడు, కారు ఇచ్చాడు, పిల్లాడికి అమెరికా వీసా ఇచ్చాడు అంటూ కొందరు సాక్ష్యం చెబుతారు. వాళ్ల కృతజ్ఞత నిజమే కావచ్చు. కానీ అదే చాప మీద కూర్చున్న మరొకరికి, మరి నాకెందుకివ్వలేదన్న ప్రశ్న పుడుతుంది. ఆశీర్వాదాన్ని గజాల్లో, సవర్లలో కొలిచే ప్రసంగం పదో ఆజ్ఞకు గండి కొడుతుంది.

కూరతోట కోసం ఒక ప్రాణం

ఆశ పడితే ఏం పోతుంది, ఎవరికి నష్టం అనేవాళ్లకు బైబిల్ చెప్పే జవాబు నాబోతు కథ. అహాబు ఇశ్రాయేలుకు రాజు. అతడికి రాజ్యముంది, రథాలున్నాయి. కోట పక్కనే నాబోతు అనే రైతుకు ద్రాక్షతోట ఉంది. దాన్ని కూరతోట చేసుకోవాలని రాజుగారి కోరిక. అంతకన్నా మంచి తోట ఇస్తానన్నాడు, లేకపోతే రొక్కమిస్తానన్నాడు. పిత్రార్జితం ఇవ్వనన్నాడు నాబోతు. దేశాన్నేలే రాజు ఇంటికెళ్లి, గోడ వైపు తిరిగి పడుకుని అన్నం మానేశాడు. రాణి యెజెబెలు దొంగ సాక్షులను పెట్టించి, దైవదూషణ నేరం మోపించి, నాబోతును రాళ్లతో కొట్టించి చంపించింది.

కూరతోట మీది ఆశ అబద్ధ సాక్ష్యమైంది, హత్య అయింది, చివరికి దోపిడీ అయింది. పదో ఆజ్ఞ దగ్గర జారిన కాలు మిగతా ఆజ్ఞలన్నింటినీ తొక్కుకుంటూ పోయింది. పొలం గట్టును ఏడాదికి జానెడు చొప్పున జరిపే రైతుకు, తమ్ముడి వాటాలో కొబ్బరి చెట్లు ఎక్కువున్నాయని కోర్టుకెక్కే అన్నకు ఈ కథ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆస్తి పంచిపెట్టేలా మా అన్నకు చెప్పమని ఒకడు యేసు దగ్గరికి వస్తే, ఆయన పెద్దమనిషిగా కూర్చోవడానికి ఒప్పుకోలేదు. లోభం విషయంలో జాగ్రత్త అని హెచ్చరించి, పంట పెరిగిందని గాదెలు పడగొట్టి ఇంకా పెద్దవి కట్టాలని లెక్కలు వేసుకుంటూ ఆ రాత్రే కన్నుమూసిన ధనవంతుడి కథ చెప్పాడు.

ఒకే నేలకు రెండు కానుకలు

గోదావరి డెల్టాకు క్రైస్తవం వచ్చిన తీరులోనూ ఈ పాఠం ఉంది. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ పట్టణంలో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే దంతవైద్యుడుండేవాడు. చేతినిండా సంపాదన. ఆయనా, భార్యా మొదట ఆదాయంలో పదో వంతు దానం చేశారు. తర్వాత నాలుగో వంతు, ఆ తర్వాత అవసరానికి మించినదంతా ఇచ్చేశారు. భూమి మీద ధనం కూడబెట్టుకోవద్దన్న యేసు మాటను ఉన్నదున్నట్టుగా పాటించాలంటూ 1825లో ఓ చిన్న పుస్తకం వేశాడు. 1829లో వృత్తి వదిలి బాగ్దాద్ బయల్దేరాడు. అక్కడ 1831లో ప్లేగు వచ్చి భార్య చనిపోయింది. 1833లో భారతదేశం చేరాడు.

ఆయన ప్రోద్బలంతో 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లలో విలియం బౌడెన్, జార్జ్ బీర్ ఉన్నారు. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో వాళ్లు ప్రారంభించిన సేవే తర్వాత గోదావరి డెల్టా మిషన్ అయింది. ఏ సంస్థా వాళ్లకు నెలజీతం కట్టలేదు. ఎవరైనా పంపితే తినేవారు, లేకపోతే ప్రార్థన చేసుకుని ఎదురుచూసేవారు.

అదే కాలంలో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టాడు. 1847లో ఆరంభమైన పని 1852లో పూర్తయింది. కాలువలు పారాయి, బీళ్లు మాగాణులయ్యాయి, సెంటు భూమికి విలువొచ్చింది. ఉన్నదాంతో బతకడం నేర్పే మనుషులూ, ఇంకా కావాలనిపించే పచ్చదనమూ దాదాపు ఒకే తరంలో డెల్టాకు వచ్చాయి. నీటిని తప్పుపట్టలేం. కరవుతో మాడిన నేలకు ఆ నీరు ప్రాణం పోసింది. అయితే పొలానికి తూములున్నట్టు మనసుకూ ఓ తూము ఉండాలి. లేకపోతే ఎంత నీరొచ్చినా చాలదు.

పేదవాడికి చెప్పే పాఠం కాదు

ఇక్కడ ఓ మెలిక ఉంది. తృప్తి అనే మాటను ఉన్నవాళ్లు లేనివాళ్ల నోరు మూయించడానికి వాడుకున్న సందర్భాలు తక్కువేమీ కావు. కూలి పెంచమని అడిగిన పాలేరుకు, ఇళ్లస్థలం పట్టా కోసం ఆఫీసు చుట్టూ తిరిగే దళిత క్రైస్తవుడికి ‘ఉన్నదాంతో సర్దుకో’ అని చెప్పడం సువార్త కాదు. తన చెమటకు తగ్గ కూలి అడగడం పొరుగువాడి సొత్తును ఆశించడం కాదు. కోత కోసినవాళ్ల కూలి ఎగ్గొడితే ఆ కూలే దేవుడికి మొరపెడుతుందని యాకోబు పత్రిక ధనవంతులను హెచ్చరించింది. నాబోతు తన తోట వదులుకోనన్నప్పుడు దేవుడు అతణ్ని అత్యాశపరుడని నిందించలేదు. ఏలీయా ప్రవక్తను పంపింది రాజు మీదికి. పదో ఆజ్ఞ ముందుగా వినాల్సింది చేతిలో అధికారమున్నవాళ్లు.

నేర్చుకుంటే వచ్చే విద్య

పౌలు ఫిలిప్పీ సంఘానికి ఉత్తరం రాసింది చెరసాల నుంచి. ఆ సంఘం ఎపఫ్రొదితు చేత పంపిన కానుక అందిందని చెబుతూ, ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండటం తాను నేర్చుకున్నానన్నాడు. తృప్తి తనకు పుట్టుకతో వచ్చిందనలేదు, వరంగా దొరికిందనీ అనలేదు. నేర్చుకున్నానన్నాడు. కలిమిలో ఎలా ఉండాలో, లేమిలో ఎలా ఉండాలో రెండూ నేర్చుకున్నానన్నాడు. ఈతలాగే ఇదీ నీళ్లలో దిగితేనే వస్తుంది.

మొదటి పాఠం రోజువారీ లెక్క. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు మన్నా ఏ రోజుకా రోజే దొరికేది. రేపటికని దాచినది పురుగు పట్టేది. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రమే రెండు రోజులకు సరిపడా ఏరుకోవచ్చు. యేసు నేర్పిన ప్రార్థనలో కూడా అడిగేది అనుదినాహారమే. పిల్లల చదువుకు నాలుగు రూపాయలు వెనకేసుకోవద్దని దీని అర్థం కాదు. రేపటి భయంతో ఈ పూట అన్నం చేదు చేసుకోవద్దని.

రెండో పాఠం ఇవ్వడం. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం పోసేముందు ఓ గుప్పెడు తీసి దేవుడి పేర పక్కన పెట్టే అలవాటు చాలా సంఘాల్లోని ఆడవాళ్లకు ఉంది. మిజోరంలో 1910లో ఇలా గుప్పెడు బియ్యంతో మొదలైన పద్ధతి అక్కడి సంఘాలకు పెద్ద ఆధారమైంది. ఆ గుప్పెడు తగ్గినందుకు ఇంట్లో ఎవరూ పస్తు ఉండరు. తీసే చేతికి మాత్రం రోజుకో రెండు పూటలు ‘మనకు ఇవ్వగలిగినంత ఉంది’ అని తెలుస్తుంది. ఆకులూ అలములూ అని బొంకిన వర్తకుడికి తెలియనిది అదే.

మూడోది అన్నింటికన్నా కష్టం. సంతోషించేవాళ్లతో కలిసి సంతోషించమన్నాడు పౌలు. ఏడ్చేవాళ్లతో ఏడవడం సులువే, పక్కింటి గృహప్రవేశంలో కడుపు నిండా భోంచేయడం అంత సులువు కాదు. అసూయ వస్తువును చూస్తుంది, దాని వెనకున్న మనిషిని చూడదు. ఆ పెద్ద కోడలు గొలుసును చూసింది గానీ నాలుగేళ్లను చూడలేదు. ఏదో ఓ మధ్యాహ్నం, బియ్యం ఏరుతూ, ‘‘అక్కడ ఎలా ఉండేదమ్మా నీకు?’’ అని అడిగి ఉంటే చాలు. ఫోన్లో గొంతు వినిపిస్తే ఎవరో అనుకున్న పిల్లాడి గురించి, తాళం వేసిన తలుపుల గురించి, జ్వరంలోనూ ఆగని పని గురించి చిన్న కోడలు చెప్పేది. అప్పుడు ఆ గొలుసు మీద పెద్ద కోడలికి ఆశ పుట్టదు. ‘‘ఈసారి పంపనమ్మా నిన్ను. ఉన్నది అందరం కలిసి తిందాం’’ అంటుంది.

అలా అన్న ఇంట్లో పెంకులు పెంకులుగానే ఉంటాయి, వానాకాలం ఓ మూల కారుతూనే ఉంటుంది. ఐదు రూపాయల వడ్డీ మాత్రం ఉండదు. రాత్రి పక్కింటి లైటు వెలిగినా నిద్ర పడుతుంది. పొద్దున్నే ఎసట్లో బియ్యం పోసేముందు ఆ గుప్పెడు మళ్లీ పక్కకు వెళుతుంది.