ఎర్ర రిగి: రెండు ఉత్తరాలు

లూసర్న్, స్విట్జర్లాండ్

అక్కా,

క్షేమంగా చేరాను. బస సరస్సు దగ్గర్లోనే. వేసవి కదా, ఇక్కడ రాత్రి భోజనాలయ్యాక కూడా వెలుతురు ఉంటోంది. సాయంత్రాలు ఒడ్డున తూర్పు వైపుకి తిరిగి కూర్చుంటున్నాను. పొద్దు గుంకేది పడమట అయితే తూర్పున ఏం చూస్తావంటావు. నీళ్లకవతల రిగి కొండ ఉంది. ఎత్తు 1,798 మీటర్లు, ఆల్ప్స్ లెక్కలో పెద్దదేం కాదు. కానీ పడమటి ఎండ సూటిగా దాని మీద పడుతుంది. ఆ ఏటవాలు ఎండ ఎంతో గాలిని దాటి రావాలి. దారిలో నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. నిన్న కొండ నెమ్మదిగా దానిమ్మ గింజ రంగుకి తిరిగింది. నీడ పాదం నుంచి పైకి పాకింది, శిఖరం చివర ఆరింది.

1841లో ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ ఈ ఊళ్లోనే ‘స్వాన్’ అనే సత్రంలో దిగాడు. అప్పటికి అరవై ఆరేళ్లవాడు. ఈ కొండనే పొద్దున్నా సాయంత్రమూ పదేపదే గీశాడు. తెల్లవారుతుంటే సూర్యుడు కొండ వెనక ఉంటాడు, కొండ నీలం. సాయంత్రం చూసేవాడి వెనక ఉంటాడు, కొండ ఎరుపు.

బావగారికి నమస్కారాలు.

లండన్

అక్కా,

టేట్ బ్రిటన్ మ్యూజియంలో ముందుగా అడిగి సమయం తీసుకుంటే నీటిరంగుల బొమ్మలు బల్ల మీద పెట్టి చూపిస్తారు. గోడకి ఎల్లకాలం వేలాడదీసి ఉంచరు. వెలుతురు తగిలితే ఈ రంగులు వెలిసిపోతాయి.

నేను చూసింది ‘ఎర్ర రిగి’ అనే బొమ్మకి టర్నర్ వేసిన నమూనా. కొండ, నీళ్లు, ఆకాశం, పలచటి పూతలు. ఇలాంటివి పదిహేను ఆయన గ్రిఫిత్ అనే వ్యాపారికి ఇచ్చాడు. కొనేవాళ్లు నమూనా చూసి ఒప్పుకుంటే పూర్తి బొమ్మ వేసివ్వడం పద్ధతి. 1842లో ఈ వరసలో తయారైనవి పది. వాటిలో ఎర్ర రిగిని మన్రో అనే ఆయన కొన్నాడు.

నీటిరంగుల్లో వెలుగంటే ప్రధానంగా కాగితం తెలుపే. దాన్ని ఎక్కడ ఎంత దాచుకోవాలో ముందే తెలిసుండాలి. పూర్తి బొమ్మలో టర్నర్ పలచటి పూతల మీద సన్నకుంచెతో పని చేశాడు, మెరుపు కావలసిన చోట పైరంగుని గీకి కాగితాన్ని బయటికి తెచ్చాడు. సూర్యుణ్ణి ఎదురుగా పెట్టి ఎన్నో బొమ్మలు వేసినవాడు, ఇక్కడ మాత్రం వీపు తిప్పాడు. ఎండ పడిన కొండనే చూపించి సాయంత్రాన్ని ఒప్పించాడు. సూర్యుణ్ణి గీయడం కన్నా ఇదే కష్టం. నా మటుకు ఆయన సాయంత్రాల్లో ఇదే గొప్పది.

జోడీ బొమ్మ నీలం రిగి ఇక్కడే ఉంది. జనం చందాలు కూడా తోడై 2007లో టేట్ దాన్ని కొనగలిగింది. ఎర్ర రిగి మాత్రం మెల్‌బోర్న్‌లో, నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియాలో ఉంది. మన చిన్నోడు ఆ ఊళ్లోనే కదా. గ్యాలరీకి ముందుగా రాసి, ప్రదర్శనలో ఉందో లేదో కనుక్కుని ఒకసారి వెళ్లమని చెప్పు. మూరెడు కాగితమేనని దాటిపోవద్దని కూడా చెప్పు.

నీ తమ్ముడు