సంచి బరువు కలపలేదు

వైజాగ్ నుంచి బెంగళూరుకి ఫ్లైట్ టికెట్ మరీ చవగ్గా దొరికిందంటే చెకిన్ బ్యాగు లేదనే అర్థం. చేతిసంచి ఒక్కటే, 7 కిలోలు. ఆ మాట ఫోన్లో అమ్మకి చెప్పాను.

నేను పలాస చేరేసరికి సంచి సిద్ధం. జీడిపప్పు, బెల్లం, మినప్పప్పు, ఆవకాయ సీసా. కిరాణా కొట్లో కాటా మీద తూయించి మరీ సర్దింది. సరిగ్గా 7 కిలోలు. సంచి బరువు కలపలేదు. నా లాప్‌టాపూ కలపలేదు.

చవక ప్రయాణాల చిట్కాలన్నీ నాకు కంఠతా వచ్చు. ట్రాలీ బ్యాగు వద్దు, ఖాళీదే రెండు మూడు కిలోలు తూగుతుంది. బరువైన బూట్లు, జాకెట్ ఒంటిమీదే ఉండాలి. నూనె తేలే పచ్చడిని సెక్యూరిటీ దగ్గర ఆపేయొచ్చు. తెల్లారుజామున ఫ్లైటయితే ముందురోజే రైల్లో వెళ్లి, ఆ టికెట్ పీఎన్ఆర్‌తో విశాఖ స్టేషన్లో రిటైరింగ్ రూమ్ తీసుకుంటే హోటల్ ఖర్చు మిగులుతుంది.

తీసేసిన వస్తువుని అమ్మకెలా చూపించాలో మాత్రం ఏ చిట్కాలోనూ లేదు.

ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ అయితే 40 కిలోల దాకా ఉచితమే. నాకున్నది రెండ్రోజుల సెలవు. ఒక్కొక్కటే తీసి మంచమ్మీద పెడుతుంటే అమ్మ చూస్తూ కూచుంది. ముందు తీసింది ఆవకాయే.

"ఏటే, ఇమానంలో మనిసిని కూడా తూత్తారేటి?"

"లేదమ్మా."

"అయితే తినీసి ఎల్లు."

సీసా మూత తీసి, పళ్లెం ముందు పెట్టింది. ఆ పూట మూడుసార్లు అన్నం కలిపాను.