పంటి బిగువున

తెలుగులో 'పన్ను' అన్న మాటకి రెండర్థాలున్నాయి. ఒకటి సర్కారువారు వసూలు చేసేది, రెండోది మన నోట్లో ఉండేది. ఏకవచనంలో కలిసి ఉన్న ఈ రెండూ బహువచనంలో విడిపోతాయి. పన్నులు మనం కడతాం, పళ్ళు మనకి డాక్టరుగారు కడతారు. రెండింటికీ సామ్యం మాత్రం ఒకటుంది. గడువు దాటేదాకా ఎవరూ ఆ గుమ్మం ఎక్కరు. దాటాక వడ్డీతో సహా చెల్లించక తప్పదు.

ఈ వ్యాసం రాయడానికి నీకేమిటయ్యా అర్హత అని మీరు అడగవచ్చు. నేను చదివేది దంతవైద్యం కాదు, ఎమ్మే ఎకనమిక్సు. కాని ఇంటికి పెద్దకొడుకుని. కొన్నేళ్ళుగా మా ఇంటిల్లిపాదినీ పళ్ళడాక్టరు దగ్గరకి తీసుకువెళ్ళే ఉద్యోగం నాది. ఆ వాలుకుర్చీలో పడుకున్నవాళ్ళకి పైకప్పూ, కళ్ళలోకి కొట్టే దీపమూ తప్ప ఏమీ కనబడవు. పక్కన స్టూలు మీద కూచున్నవాడికి అన్నీ కనబడతాయి. అదే నా అర్హత.

మా డాక్టరుగారి గది బస్టాండు వెనకవీధిలో, మందుల షాపు పైన ఉంది. మూడు తరాలవాళ్ళం అక్కడ నోళ్ళు తెరిచాం. బల్లమీద సున్నపుమట్టితో చేసిన దవడల జత ఒకటి ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది. ఆ గదిలో నవ్వేది అదొక్కటే.

మొదట తీసుకువెళ్ళింది మా నాయనమ్మని. "పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు" అన్న సామెత ఆవిడ కోసమే పుట్టింది. పిల్లల్ని పెంచినన్నాళ్ళూ ఇంట్లో జంతికలు చేస్తే డబ్బా అడుగుదాకా ఆవిడ చెయ్యి వెళ్ళలేదు. తీరా డబ్బా ఆవిడ చేతికి వచ్చేసరికి నోట్లో పళ్ళు లేవు. డాక్టరుగారు గులాబీరంగు పొడి నీళ్ళలో కలిపి, "నోరు పెద్దగా తెరవండి మామ్మగారూ, అచ్చు తియ్యాలి" అన్నారు.

"ఏమిటి నాయనా అది?"

"సముద్రపు నాచు నుంచి తీసినదండీ."

"నాచా! ఇవాళ ఏకాదశి కదా, నోట్లో పెట్టుకోవచ్చునా?"

"నాచు శాకాహారమే మామ్మగారూ" అన్నారాయన, నవ్వకుండా.

అచ్చు ఒకరోజు, మైనపు కొలత ఇంకోరోజు, ఇలా నాలుగైదుసార్లు తిరిగాక కట్టుడుపళ్ళు వచ్చాయి. మొదటి వారం ఆవిడ విష్ణుసహస్రనామంలో శకారాలన్నీ ఈలలయ్యాయి. తరవాత నాలుక దారిన పడింది. రాత్రిపూట తీసి నీళ్ళలో వెయ్యాలనీ, చిగుళ్ళకి విశ్రాంతి కావాలనీ డాక్టరుగారు చెప్పారు. ఇంకోమాట కూడా చెప్పారు: "పన్ను పోయినచోట దవడ ఎముక ఏటేటా కొంచెం అరిగిపోతుంది మామ్మగారూ. ఇవి వదులైతే మళ్ళీ రావాలి." పన్నుంటేనే ఎముకకి పని, పని ఉంటేనే ఎముకకి బతుకు అని నాకప్పుడు తెలిసింది.

తరవాత 2019లో మా చెల్లి వంతు. దానికప్పుడు ఏడేళ్ళు. పాలపళ్ళు ఇరవై. ఊడినవి పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరడం మా ఇంటి ఆచారం. అది మా చెల్లి నిష్ఠగా నడిపిస్తోంది. వెనకపన్ను ఒకటి నల్లబడితే, "పాలపన్నేగా, ఊడిపోతుందిలే" అన్నాం ఇంట్లో అందరం. డాక్టరుగారు అద్దం పెట్టి చూసి, "ఇది పాలపన్ను కాదమ్మా, ఊడేది కాదు" అన్నారు. ఆరోఏట, పాలపళ్ళన్నింటికీ వెనక, దేన్నీ ఊడగొట్టకుండా చడీచప్పుడు లేకుండా వచ్చే దవడపన్ను ఒకటుంటుంది. నాలుగు మూలలా నాలుగు. బతికినన్నాళ్ళూ నమిలిపెట్టవలసినవి అవే. పాలపన్ననుకుని తల్లిదండ్రులు వదిలేసేదీ వాటినే.

అదృష్టవశాత్తు పుచ్చు పైపైనే ఉంది. పుచ్చిన భాగం మరతో తీసి, పంటిరంగు మందు నింపి, నీలంరంగు దీపం కొద్ది సెకండ్లు చూపించారు. అది రాయిలా గట్టిపడింది. ఒక్క పూటలో పని ముగిసింది. మా పెద్దవాళ్ళ నోళ్ళలో కనబడే వెండిరంగు సిమెంటు వేరు. అందులో వెండి, తగరం, రాగితోబాటు దాదాపు సగం పాదరసం ఉంటుంది.

పుచ్చు ఎలా వస్తుందని అడిగితే డాక్టరుగారు చెప్పారు. నోట్లోని సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని తిని ఆమ్లం చేస్తాయి. ఆ ఆమ్లం పంటిమీది పింగాణీపొరని కరిగిస్తుంది. మన ఒంట్లో అన్నిటికంటే గట్టిది ఆ పొరే. అయినా ఒకసారి పోతే మళ్ళీ పెరగదు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది, పింగాణీ పోతే పోయినట్టే.

ఇక మా నాన్న. ఆయన బడిపంతులు. 2022 వేసవిలో మూడు నెలలపాటు కిందివరస ఎడమ దవడపన్ను ఆయన్ని రాత్రిళ్ళు నిద్రపోనివ్వలేదు. లవంగం పెట్టారు, ఉప్పునీళ్ళు పుక్కిలించారు, లవంగనూనెలో ముంచిన దూది పెట్టారు. అడిగితే, "ఏముందిరా, పంటి బిగువున ఓర్చుకుంటే అదే తగ్గుతుంది" అన్నారు. పంటినొప్పిని పంటి బిగువున ఓర్చుకునే జాతి మనది.

జూన్‌లో ఆయన్ని ఆ కుర్చీ ఎక్కించాను. డాక్టరుగారు ఎక్స్‌రే తీసి చూపించారు. "మాస్టారూ, పుచ్చు లోపల నరం దాకా వెళ్ళింది. అయినా పన్నుని బతికించవచ్చు. రూట్ కెనాల్ చేసి పైన తొడుగు వేద్దాం." ఆ పంటికి రెండు వేళ్ళు, వాటిలో సాధారణంగా మూడు సన్నటి కాలువలు ఉంటాయట. చెడిన నరాన్ని తీసేసి, వెంట్రుకల్లాంటి ఆకురాళ్ళతో కాలువలు శుభ్రంచేసి, గట్టాపర్చా అనే మలయా దేశపు చెట్టుజిగురుతో నింపుతారట. పందొమ్మిదో శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫు తీగలకి తొడిగింది కూడా ఆ జిగురే. నరం పోయిన పన్ను పెళుసుగా ఉంటుంది కనక పైన తొడుగు తప్పదు.

నాన్న అంతా శ్రద్ధగా విని రెండే ప్రశ్నలు వేశారు. దీనికెంత? పీకితే ఎంత? దీనికి వేలు, దానికి వందలు.

ఆ నెలలోనే నా ఎమ్మే ప్రవేశరుసుమూ, హాస్టలు డిపాజిట్టూ కట్టాలి. ఆ సంగతి ఆ గదిలో ఉన్న ముగ్గురిలో ఇద్దరికే తెలుసు.

"పీకెయ్యండి డాక్టరుగారూ. దానికీ నాకూ రుణం తీరింది."

"డబ్బు మెల్లిగా ఇద్దురుగాని మాస్టారూ."

"పంటినొప్పికంటే అప్పు చెడ్డదండీ."

డాక్టరుగారు నావైపు చూశారు. నేను నోరు తెరిచేలోపల నాన్న నోరు తెరిచేశారు, కుర్చీలో.

ముందు మత్తు సూది. ఆ లిగ్నొకెయిన్‌ని 1943లో స్వీడన్‌లో తయారుచేశారు. అంతకు చాలాముందు, 1844లో, అమెరికాలో హొరేస్ వెల్స్ అనే పళ్ళడాక్టరు మత్తువాయువు పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. మరుసటేడు బోస్టన్‌లో నలుగురి ఎదుట ప్రదర్శించబోతే రోగి అరిచాడు, చూడవచ్చినవాళ్ళు మోసమని గేలిచేశారు. నొప్పి లేకుండా వైద్యం చెయ్యాలన్న పట్టుదల ముందుగా పట్టినవాళ్ళలో పళ్ళడాక్టర్లున్నారు. వాళ్ళనే మనం నొప్పికి మారుపేరు చేశాం.

పీకడమంటే లాగడం కాదు. పన్నుని అటూ ఇటూ కదిపి, ఎముకలో చోటు చేసి, మెల్లిగా పైకి తియ్యడం. పావుగంటలో అది రెండు కాళ్ళతో పళ్ళెంలో పడింది. టీసీ తీసుకుని వెళ్ళిపోయే పిల్లవాణ్ణి చూసినట్టు నాన్న దానివైపు చూశారు. దూది అరగంట కొరికిపెట్టాలి, ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, అక్కడ గడ్డకట్టిన నెత్తురే కట్టు అన్నారు డాక్టరుగారు. ఐస్‌క్రీము తినవచ్చన్నారు. నాన్న అది కొనుక్కోలేదు.

మా సిలబస్‌లో 'అవకాశ వ్యయం' అని ఒక పాఠముంది. ఒకదాన్ని ఎంచుకున్నప్పుడు వదులుకున్నదే దాని అసలు ఖరీదు అంటుంది. ఆ పాఠం మా లెక్చరరుగారు చెబుతుంటే క్లాసులో అందరూ బోర్డు వైపు చూశారు. నాకు మా నాన్న ఎడమ దవడలో ఖాళీ కనబడింది. ఆయన ఇవాళ్టికీ కుడిపక్కనే నములుతారు. పక్కపళ్ళు ఆ సందులోకి ఒరుగుతాయని డాక్టరుగారు ఆనాడే హెచ్చరించారు. నా మొదటి జీతం దేనికో ఇప్పుడే నిర్ణయమైపోయింది.

మా హాస్టలు మిత్రుడొకడి సంగతి కూడా చెప్పాలి. కనిగిరి వైపువాడు. గ్రూపు ఫొటోలో మూతి బిగించుకుని నిలబడతాడు. పళ్ళమీద గోధుమరంగు చారలు. "బ్రష్షు చెయ్యవురా?" అని జూనియర్లు కూడా వేళాకోళం చేసేవారు. 2024 సంక్రాంతి సెలవుల్లో వాణ్ణి మా డాక్టరుగారి దగ్గరకి తీసుకువెళ్ళాను. ఆయన చూస్తూనే, "మీది ఏ ఊరు బాబూ? బోరునీళ్ళు తాగి పెరిగావా?" అన్నారు. తాగేనీళ్ళలో ఫ్లోరైడు లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే, చిన్నతనంలో పన్ను తయారయ్యేటప్పుడే ఆ మచ్చ లోపల పడుతుంది. ఎంత తోమినా పోదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బుందని 1937లోనే వైద్యపత్రికలో అచ్చయింది. నల్లగొండ పేరు చెబితే ఇది తెలియనివారు లేరు. చిత్రమేమిటంటే, కొద్ది మోతాదులో పళ్ళని కాపాడేదీ ఆ ఫ్లోరైడే, అందుకే పేస్టులో కలుపుతారు.

"ఇది మురికి కాదు బాబూ. నీ తప్పేమీ లేదు" అన్నారు డాక్టరుగారు. పైపొర కొంచెం అరగదీసి, పంటిరంగు మందు పూస్తే ముందుపళ్ళు బాగుపడతాయని చెప్పారు. వాడు ఇంకా చేయించుకోలేదు. కాని మెట్లు దిగుతూ, "నా తప్పు కాదటరా" అని రెండుసార్లు అన్నాడు. అప్పుడు వాడు పళ్ళు కనబడేలా నవ్వడం మొదటిసారి చూశాను. ఆ గదిలో జరిగిన వైద్యాలన్నిటిలోనూ ఖర్చులేనిదీ, పెద్దదీ అదే అనిపించింది.

మిత్రులారా, మెస్సులో నేను విన్న శాస్త్రాలు రెండున్నాయి. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందనేది ఒకటి. పంటి నరం వేరు, చూపు నరం వేరు, ఒకదాని జోలికి రెండోది రాదు. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయనేది రెండోది. చిగుళ్ళని వదులు చేసేది గారే. అది ఉన్నన్నాళ్ళూ సందులు కప్పి ఉంచుతుంది, తీస్తే బయటపడతాయి, అంతే.

లెక్క చాలా సులువు. గార తీయించడం కంటే పుచ్చు పూడ్చడం ఖరీదు, దానికంటే రూట్ కెనాల్ ఖరీదు. పీకించడం చవకే, కాని ఆ ఖాళీ నింపడం అన్నిటికంటే ఖరీదు. విజయవాడ, కడప, హైదరాబాదుల్లో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి. ఏటా రక్తదాన శిబిరం పెట్టే మన యూనియన్‌వారు అలాంటి చోటినుంచి డాక్టర్లని పిలిచి ఒక్కపూట పళ్ళ శిబిరం కూడా పెడితే, హాస్టలు నోళ్ళన్నీ ఒకసారి తెరుచుకుంటాయి. ఎన్నికలప్పుడు ఎలాగూ తెరుస్తున్నాం.

ఓర్పు మంచి గుణమే, కాదనను. కాని పంటి బిగువున ఓర్చుకోవాలన్నా ముందు నోట్లో పన్నుండాలి కదా!