పగడపు తోటలో అతిథి ధర్మము

పగడమనగా మనకు ముందుగా స్ఫురించునది మెడలోని పేరు. నవరత్నములలో నొకటియని, కుజునకు ప్రీతియని పెద్దలు చెప్పగా విని ధరించుచున్నాము గాని, అది రాయి కాదనియు, ఒక చిన్న ప్రాణి కట్టుకొనిన గూడనియు మనలో నెందరెరుగుదురు? నగలకు వాడు ఎఱ్ఱ పగడము వేరు, నేనిప్పుడు చెప్పబోవు దిబ్బల పగడము వేరు. అయినను రెండును చుట్టములే. వెచ్చని, లోతు తక్కువైన సముద్రములలో ఈ జీవులు కోట్లకొలదిగ కూడి సున్నపు గూళ్లు కట్టుకొనుచు, తరతరములుగ దిబ్బలను పెంచుచున్నవి. బండవలె పెరుగు జాతులు ఏడాదికి సుమారొక సెంటీమీటరు మాత్రమే పెరుగును. సముద్రగర్భములో నూటికొక పాలైనను ఆక్రమింపని ఈ దిబ్బలే సముద్రజీవ జాతులలో నాలుగవ వంతునకు ఆశ్రయము. అట్టిచోట తెలియక కాలు మోపినచో, తాతల నాటి పెంపకము క్షణములో విరిగిపోవును.

గత శీతకాలమున మా ఆడపడుచుగారిని చూడ అండమాను వెళ్లితిమి. అచ్చట తెలుగువారు చాలమంది స్థిరపడియున్నారు. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టుబ్లెయిరునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున వండూరు రేవు కలదు. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానమునకు అదియే వాకిలి. అచ్చటనుండి జాలీబాయ్ ద్వీపమునకు నావలో తీసికొనిపోదురు. నావ యెక్కక ముందే మా సంచులు విప్పి చూచి, ప్లాస్టికు సంచులు, పొట్లములు తీసివేయించిరి. నా ప్రక్కనున్న యొకామె, "సొమ్ము చెల్లించి వచ్చినవారికి ఇన్ని కట్టుబాట్లా?" యని విసుగుకొనినది.

ద్వీపము చేరిన పిదప అడుగున అద్దము గల పడవలో కూర్చుండి దిబ్బలను చూచితిమి. కొమ్మలుగా కొన్ని, గొడుగులుగా కొన్ని, వాని నడుమ రంగురంగుల చేపలు. ఆమెయే మరల, "పిల్లల కాటకు ఒక్క ముక్క తీసి యిమ్ము నాయనా" యని పడవవాని నడిగినది. వాడు నవ్వి, "అమ్మా, నేడు వచ్చినవారందరికి తలకొక ముక్క ఇచ్చితినా, రేపు వచ్చువారికి నేనేమి చూపుదును? నా పిల్లలకేమి పెట్టుదును?" అనెను. ఆమె మరి మాటాడలేదు.

జాలీబాయ్‌ని సంవత్సరములో కొన్ని నెలలు మాత్రమే తెరతురు. అది మూసియున్న కాలమున రెడ్‌స్కిన్ అను మరియొక ద్వీపమునకు యాత్రికులను పంపుదురు. రైతు పొలమును బీడు వదలినట్లే యిది.

తిరుగు ప్రయాణమున మావారికిని నాకును వాదము వచ్చినది. వారు బడిపంతులు, కట్టుదిట్టమన్న ఇష్టపడువారు. "మనుష్యుడు కాలు పెట్టినచోట ఏదియు నిలువదు. వాకిలి శాశ్వతముగ మూసివేయుటయే మేలు" అనిరి. నేనందుకు సమ్మతింపలేదు. యాత్రికులు రానినాడు ఆ పడవవాని కుటుంబమున కాధారమేమి? కావలివారి జీతములకు సొమ్మెచ్చటిది? కంటితో చూడని సొగసునుగూర్చి దిగులుపడువారెవరు? వాకిలి మూయుటయు, బార్లా తెరచుటయు రెండును సులభమే. తెరచి కాపాడుటయే కష్టము.

ఆ కష్టమునకు పూనుకొనినవారు లేకపోలేదు. థాయిలాండులోని మాయా అఖాతము 2000లో వెలువడిన యొక చలనచిత్రమువలన ప్రసిద్ధికెక్కి, దినమునకు అయిదువేల మంది వరకు రాగా, పడవలు, లంగరులు, జనుల త్రొక్కిడి వలన అచ్చటి పగడములు చాలవరకు నశించినవి. 2018 జూనులో దానిని మూసి, పగడములను మరల నాటి, 2022 జనవరిలో తెరచిరి. ఇప్పుడు పడవలు ద్వీపమునకు వెనుకప్రక్కనే ఆగవలెను. అఖాతములో ఈత కూడదు. హవాయిలోని హనౌమా అఖాతమున నీటిలో దిగగోరువారు ముందుగా కూర్చుండి, పగడమును త్రాక్కరాదని నేర్పు చిన్న చిత్రమును చూచి తీరవలెను. వారమునకు రెండు దినములు దానికి సెలవు. పలావు అను చిన్న దేశములో 2017 నుండి, వచ్చిన ప్రతి అతిథియు ఆ దేశపు పిల్లల పేరిట వ్రాసిన ప్రతిజ్ఞపై తన పాస్‌పోర్టులో సంతకము చేయవలెను.

ఇవి అతిథికి అవమానమా? మనమే ఆలోచింతము. అతిథిని దేవునివలె ఆదరింపుమని మనకు నేర్పిరి గాని, అతడు వంటయింటిలో చెప్పులతో తిరుగవచ్చునని చెప్పలేదు. మడి కట్టుకొనియున్న అత్తగారిని తాకరాదని అయిదేండ్ల బిడ్డకు సైతము నేర్పుదుము. పగడము నిత్యము మడిలోనున్నదని తలంచిన చాలు. మన యాడువారికి వేరు పాఠ మక్కరలేదు.

అయితే యాత్రికుల నడవడి యొక్కటియే ఈ దిబ్బలను కాపాడజాలదు. సముద్రము వేడెక్కినప్పుడు పగడము తనలో నివసించుచు తనకు ఆహారమిచ్చు సూక్ష్మమైన నాచును కోల్పోయి తెల్లబారును. 2010లో అండమానులో అట్లే జరిగినది. జ్వరపడి లేచినవారికి పథ్యము, విశ్రాంతి ఎట్లవసరమో, ఆ దిబ్బలకు త్రొక్కిడి లేకుండుట అట్లవసరము. జ్వరమును మనమొక్కరము మాన్పలేము. రోగి మంచముపై కూర్చుండకుండుట మాత్రము మన చేతిలోనున్నది.

కనుక అట్టి యాత్రకు వెళ్లు సోదరీమణులకు నా మనవి. నీటిని లోహపు సీసాలలో, ఫలహారమును స్టీలు డబ్బాలలో తీసికొనిపొండు. ఎండ తగులకుండ పూసికొను లేపనములలో కొన్ని రసాయనములు పగడమునకు హానికరములని హవాయిలో 2021 నుండి వాని విక్రయమును నిషేధించిరి. కావున నిండుచేతుల రవికయు, తలకు గుడ్డయు మేలు. చేపలకు మేత వేయవలదు. పగడపు ముక్కలను కొనవలదు, ఏరవలదు. వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. పిల్లలకు ఈ మాటలు రేవులో కాదు, ఇంటివద్దనే చెప్పుడు. ప్రయాణపు సంచి సర్దునది మనమే గదా!