తోటరాముని తల్లి పేరేమి?

సాయంకాలమున వంటపని ముగించుకొని టెలివిజను ముందు కూర్చుండినపుడు మనమందరమును నటీమణులకు చుట్టములమే. వారు కంటతడి పెట్టిన మన కన్నులు చెమర్చును. వారిని అత్తలు వేధించిన మనకు కోపము వచ్చును. కాని మన యింటి పిల్ల యొకతె లేచి “నేనును నటించెదను” అనినచో ఇల్లంతయు ఒక్కసారి మూగవోవును. వీధితలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి మాటలాడుకొందుము. మనము మెచ్చుకొను వృత్తి మన బిడ్డకు తగని దెట్లగును? సోదరీమణులారా, ఈ ప్రశ్నకు బదులు చెప్పవలసిన అవసరము ఇటీవల నాకు తటస్థించినది.

నా చెల్లెలు మానుకోటలో, అనగా మహబూబాబాదులో, కాపురమున్నది. దాని అత్తవారిది భూపాలపల్లి. మామగారు బొగ్గుగనిలో పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దమనిషి. చెల్లెలి కూతురు డిగ్రీ చదువుచు, కళాశాల నాటకములలో వేషములు వేసి పేరు తెచ్చుకొన్నది. దానిని చూచిన వారెవ్వరో హైదరాబాదు పిలిపించి పరీక్షించి, ఒక టెలివిజను ధారావాహికలో చిన్న పాత్ర నిచ్చెదమనిరి. పిల్ల పట్టు విడువలేదు. తాతగారు “మన యింటా వంటా లేదు” అని ఒక్కమాటతో తేల్చివేసిరి. చెల్లెలు నాకు ఫోను చేసి, “అక్కా, నీవైనా ఏదో ఒకటి చెప్పు. మా మామగారు నీ మాట కాదనరు” అని ఏడ్చినది.

పిల్లను పంపవలెననిగాని వలదనిగాని చెప్పుటకు నాకు నోరు రాలేదు. మన యిండ్లలో ఈ వృత్తిని గూర్చి చెప్పుకొనుమాటలలో విన్నవి మిక్కిలి, తెలిసినవి తక్కువ. కావున మొదట ఒక స్త్రీ చరిత్రమును తెలిసికొంటిని. ఆమె సురభి కమలాబాయి. తెలుగు మాటలాడిన మొదటి పూర్తి చలనచిత్రమున కథానాయికగా నటించిన స్త్రీ ఆమెయే.

ఆ చిత్రము ‘భక్త ప్రహ్లాద’. మాకు జనగామలో ప్రహ్లాదుడు పరాయివాడు కాడు. పోతనామాత్యునిదని చెప్పుకొను బమ్మెర గ్రామము మా జిల్లాలోనే, పాలకుర్తి చేరువనున్నది. మా ప్రాంతమున అక్షరము రాని ముసలమ్మలకుగూడ ప్రహ్లాదుని పద్యములు రెండైనను నోటికి వచ్చును. తెలుగువారు తెరమీద మాటలు పలికింపదలచినపుడు మొదట ఎన్నుకొన్నదికూడ ఆ కథయే.

హిందీలో ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న వెలువడినది. ఆ సంవత్సరమే అక్టోబరు 31న మద్రాసులో ‘కాళిదాసు’ విడుదలయినది. దానిలో తెలుగును తమిళమును కలసియుండెను; నాయిక టి. పి. రాజలక్ష్మి తమిళమున మాటలాడెను. ఆదినుండి తుదివరకు తెలుగే వినిపించిన చిత్రము హెచ్. ఎం. రెడ్డిగారు బొంబాయిలో తీసిన ‘భక్త ప్రహ్లాద’. అది 1931 సెప్టెంబరులో వచ్చినదని చాలకాలము చెప్పుకొనిరి. కాని పరిశోధకులు రెంటాల జయదేవగారు పాత పత్రములను వెదకి, 1932 జనవరి 22న సెన్సారు ముగిసినదనియు, ఫిబ్రవరి 6న బొంబాయిలో తొలిసారి ప్రదర్శింపబడినదనియు తేల్చిరి. హిరణ్యకశిపుడుగా మునిపల్లె సుబ్బయ్యగారును, అతని భార్య లీలావతిగా కమలాబాయియు నటించిరి.

ఆమె ఆ తెరమీదికి ఎట్లు వచ్చెను? ఇల్లు విడిచి పారిపోయి కాదు. ఇంటివారితో కలసి పని చేయుచునే వచ్చెను. కడప జిల్లాలోని సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’ నాటకమును ప్రదర్శించిరి. తోలుబొమ్మలాడించుట వారి కులవృత్తి. నాటినుండి బొమ్మలకు బదులు మనుష్యులే రంగమెక్కిరి. ఆ కుటుంబములు పెరిగి, ఒకప్పుడు ముప్పదికి పైగా సమాజములై ఊరూర తిరిగెను. వారి యింటిపేర్లు వేరువేరైనను లోకము వారిని ఆ గ్రామము పేరుతోనే పిలిచినది. ఇతర నాటక సమాజములలో పురుషులే స్త్రీవేషములు ధరించుచున్న కాలమది. సత్యభామగా స్థానం నరసింహారావుగారిని చూచి జనులు ముగ్ధులగుచుండిరి. సురభివారిలో మాత్రము స్త్రీపాత్రలను స్త్రీలే ధరించిరి. తల్లి ద్రౌపది, తండ్రి కీచకుడు, మేనమామ భీముడు, చంటిబిడ్డ ఏ పాత్రకు అవసరమైన ఆ పాత్రకు! కమలాబాయి అట్టి యింట పుట్టి, అట్టి బిడ్డలందరివలెనే బాల్యముననే రంగస్థలమెక్కి పాడినది.

ఇట్టి యిల్లొకటి నేనును చూచితిని. నా పదియవ యేట మా యూరికి ఒక నాటక సమాజము వచ్చి, మైదానమున డేరా వేసినది. పగటిపూట మా అమ్మ పాలు పోయుటకు పోవుచు నన్ను వెంట తీసికొనిపోయెడిది. రాత్రి చంద్రమతియై ఏడిపించిన స్త్రీ, పగలు రాతిపొయ్యిమీద జొన్నరొట్టె కాల్చుచు, ఒడిలోని బిడ్డను జోకొట్టుచు, ఎదుట కూర్చున్న పిల్లలకు పద్యము నేర్పుచుండెను. పద్యము తప్పిన పిల్లవానికి రొట్టె ఆలస్యమగుచుండెను! మా అమ్మ పాలచెంబు క్రింద పెట్టి, “ఇల్లంటే ఇట్లే కదనే” అన్నది. ఆ మాట అప్పుడు నాకు అర్థము కాలేదు. నలుబదియేండ్లు గడచిన పిమ్మట, చెల్లెలు ఏడ్చిన రాత్రి అర్థమయినది.

కమలాబాయికాలపు నటన నేటివంటిదికాదు. తెరవెనుక మరియొకరు పాడి, నటి పెదవులు కదలించు పద్ధతి అప్పటికి రాలేదు. నటింపవలెను, పాడవలెను, రెండును ఒక్కసారియే కెమేరా యెదుట జరుగవలెను. ఒక మాట తడబడినచో మరల మొదలు పెట్టవలసినదే. డేరాలో వేలమంది కెదురుగా గొంతెత్తి పాడిన అభ్యాసము లేనివారికి అది సాధ్యమగునది కాదు. ఆమె పిదప ‘శకుంతల’ మొదలగు చిత్రములలో నాయికయై, బొంబాయిలో నివసించి హిందీ చిత్రములందును నటించెను.

ఆ కాలముననే బొంబాయిలో మన తెలుగునేలమీద పుట్టిన మరియొక నటి ప్రకాశించుచుండెను. దేవికారాణి 1908లో వాల్తేరులో జన్మించినది. ఠాగూరుల బంధువర్గమునకు చెందినది. లండనులో చదివి, జర్మనీ దేశమునకేగి బెర్లినులోని ఉఫా స్టూడియోలో చిత్రకళను అభ్యసించి, 1934లో భర్త హిమాంశు రాయ్‌తో కలసి బాంబే టాకీసును స్థాపించినది. ఫ్రాంజ్ ఓస్టెన్ అను జర్మను దర్శకుడు వారి చిత్రములు పెక్కింటిని తీసెను. 1940లో భర్త మరణింపగా ఆమె స్వయముగా ఆ సంస్థ భారము వహించినది. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును మొదట అందుకొన్నది ఆమెయే. ఒకతె బెర్లిను చదువుతో వచ్చినది. ఒకతె కడపజిల్లా డేరా చదువుతో వచ్చినది. ఇద్దరికిని వెనుక అండగా ఒక ఇల్లుండెను. నాకు తోచినదేమనగా, నటివృత్తిలో స్త్రీకి కీడు కలుగుట ఆమె వేషము వేసినందున కాదు, ఒంటరి అయినందున.

భానుమతిగారి కథయు ఇదే చెప్పును. 1939లో ‘వరవిక్రయము’ చిత్రమునకు ఆమెను పంపునపుడు తండ్రి వేంకటసుబ్బయ్యగారు, నటుడెవ్వడును తన కుమార్తెను కౌగిలింపరాదని నియమము పెట్టిరని ప్రసిద్ధి. ఆ నియమము నేడు మనకు నవ్వు పుట్టింపవచ్చును. కాని “ఈ పిల్లకు అడుగువారు కలరు” అని స్టూడియోకు తెలిపినది ఆ నియమమే. ఆ పిల్లయే 1953లో ‘చండీరాణి’ని మూడుభాషలలో స్వయముగా దర్శకత్వము వహించి తీసినది, ‘అత్తగారి కథలు’ వ్రాసి మనల నందరను నవ్వించినది. దీనికి మారుగా, అంతటి మహానటి సావిత్రి చేతికి వచ్చిన ధనము నిలువక, కడపటి దినములలో కష్టముల పాలై, 1981లో కన్నుమూసినది. ప్రతిభ ఒక్కటియే కాపాడునని నమ్మరాదు. తాతగారి భయము నిరాధారము కాదు. కేరళములో చిత్రరంగపు స్త్రీల స్థితిని విచారించిన జస్టిస్ హేమ సంఘపు నివేదిక 2024లో వెలువడినపుడు అందలి సంగతులు చదివి మనమందరము కలతపడితిమి గదా.

ఈ విషయములన్నియు మనసున పెట్టుకొనియుండగా, కొమురవెల్లి మల్లన్న దర్శనమునకు పోవుచు మామగారు మా యింట ఒక పూట ఆగిరి. భోజనానంతరము తామే ఎత్తుకొనిరి. “ఏమమ్మా, పిల్లకు బుద్ధి చెప్పినావా?” అనిరి. నేను కమలాబాయి కథ చెప్పితిని. ఆయన శ్రద్ధగా విని, “అయితే ఆ ప్రహ్లాద సినిమా చూపించు” అనిరి. చూపుటకేమున్నది? ఆ చిత్రపు ప్రతి ఒక్కటియు నేడు దొరకదు. తెలుగు తెరమీద తొలిసారి పలికిన ఆ గొంతు గాలిలో కలసిపోయినది.

భాగవతములో ఒక సంగతి కలదు. గర్భవతియగు ప్రహ్లాదుని తల్లిని ఇంద్రుడు చెరపట్టగా నారదుడు విడిపించి, ఆశ్రమమున నుంచి, తత్త్వము బోధించెను. తల్లి దానిని మరచెననియు, గర్భమున నున్న బిడ్డ మరువలేదనియు కథ. కాని ఆమెను మనము మరచిన సంగతి ఎవ్వరును వ్రాయలేదు! బిడ్డను పదిమందియు తలతురు. తల్లిని తలచువారు అరుదు. ఆ తల్లి వేషము వేసిన కమలాబాయికిని అదియే జరిగినది.

అప్పుడు నాకొక యుపాయము తోచినది. “మామగారూ, పాతాళభైరవి చూచినారా?” అని యడిగితిని. ఆయన ముఖము వికసించినది. చిన్నతనమున టూరింగు టాకీసులో నేలమీద కూర్చుండి మూడుమారులు చూచితిననిరి. మాంత్రికుని గూర్చి, డింగరిని గూర్చి చెప్పుచు, “తోటరాముని తల్లి ఉన్నదే, అచ్చము మా అమ్మలెక్కనే ఉంటది. కొడుకు ఇల్లు దాటితే ఆమె మొఖము చూడలేకపోయినా” అనిరి.

“ఆమె పేరేమి?” అంటిని.

ఆయన ఆలోచించిరి. రామారావు పేరు, రంగారావు పేరు నాలుకమీదనే యున్నవి. ఈ పేరు లేదు. “పేరు తెల్వదమ్మా” అనిరి.

“ఆమెయే కమలాబాయి” అంటిని.

1951లో వచ్చిన ఆ చిత్రము భద్రముగా నున్నది. ఫోనులోనే తల్లి కనబడు ఘట్టములు చూపితిని. ఆయన అద్దములు సవరించుకొని చూచిరి. ఒకప్పటి నాయిక, వయసు మీరిన పిమ్మట తల్లి వేషమునకు చిన్నబుచ్చుకొనక, ఆ రెండుమాటలను అంత నిజముగా పలుకుచుండెను. ఆయన చాలసేపు మాటలాడలేదు. తాను తల్లివలె తలచిన స్త్రీ వృత్తిచేత నటి. ఆ రెండింటికి వైరము పెట్టుట ఆయనకు ఆనాడు సాధ్యము కాలేదు.

పిమ్మట మేము పనిమాటలు మాటలాడుకొంటిమి. నేను నాలుగు నియమములు వ్రాసితిని. మొదటిది, ఒప్పందము కాగితముమీద నుండవలెను. ఎన్నిదినములు, ఎన్నిగంటలు, ఎంత వేతనమన్నది అందుండవలెను. రెండవది, ధనము పిల్ల పేరనున్న బ్యాంకు ఖాతాకే చేరవలెను. మూడవది, 2013 నాటి చట్టము ప్రకారము పదిమందికి తగ్గక పనిచేయు చోట స్త్రీల ఫిర్యాదులు వినుటకు అంతర్గత సంఘముండవలెను. ఆ సంఘములో ఎవరున్నారో చేరకముందే అడిగి తెలిసికొనవలెను. నాలుగవది, డిగ్రీ పరీక్షలు తప్పరాదు. మామగారు ఐదవది చేర్చిరి: మొదటి నెల తల్లి వెంట నుండవలెను. సురభి డేరాలో రాతిపొయ్యి యొద్ద నేను చూచిన నియమమే అది; ఆయన దానిని చూడకయే చెప్పిరి.

ఈ సంగతి విని పిల్ల ఫోనులో, “పెద్దమ్మా, అమ్మ వెంట వస్తే అందరు నవ్వరా?” అన్నది. “నవ్వనీ, భానుమతమ్మను చూసి గూడ నవ్వే ఉంటరు” అంటిని.

ఆ పిల్ల మహానటి యగునో, ఆరునెలలకు విసిగి ఇంటికి వచ్చునో నేను చెప్పజాలను. చిన్న పాత్రలు పెక్కు చిన్నవిగానే ముగియును. కాని తిరిగి వచ్చినను తలుపు తెరచియుండు ఇల్లు దానికి కలదు. సోదరీమణులారా, మీ పిల్ల యెవతెయైనను ఇట్టి కోరిక కోరినపుడు తలుపులు మూయకుడు, ప్రశ్నలు అడుగుడు. పిల్లను గాదు, పిలిచినవారిని.

ఒప్పందపు కాగితము వచ్చిన దినమున మామగారు భూపాలపల్లినుండి ఫోను చేసిరి. నియమములన్నియు ఉన్నవా యని విచారించిరి. నేను ఉన్నవంటిని. క్షణమాగి, “పేర్లు వేసేటప్పుడు పిల్ల ఒక్క పేరే వేస్తరా, ఇంటిపేరు గూడ వేస్తరా?” అని యడిగిరి. అది వారి యిష్టమంటిని.

“ఇంటిపేరుతోనే వేయుమను” అని చెప్పి ఫోను పెట్టివేసిరి.