మొగం మారితే లెక్క మారుతుందా?

ఇంట్లో పిండి రుబ్బే ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. పిండి ఒకటే. పొద్దున పెనం మీద పోస్తే దోసె, సాయంత్రం గుంతల్లో పోస్తే పొంగణాలు. ఉప్పు మాత్రం పిండిలోనే కలిపేస్తాం. అలా కాకుండా దోసెకింత, పొంగణానికింత అని పొయ్యి దగ్గర చల్లుకుంటూ కూర్చుంటే ఒకటి ఉప్పు కషాయం, ఒకటి చప్పిడి పథ్యం అవుతాయి. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లు ఈ సూత్రాన్నే పెద్ద పెద్ద పేర్లు పెట్టి చెప్పుకుంటారని నాకు మొన్న సంక్రాంతికే తెలిసింది. బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని, అంతకు ముందు తెలిసే దారేదీ?

పండక్కి ఆళ్లగడ్డ దగ్గర మా మేనత్త గారింటికి వెళ్లాం. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కూతురూ వచ్చింది. కనుమ నాడు తెల్లారేసరికి మా అత్త ఫోను చేత పట్టుకుని, మొహం పాలిపోయి, గడప మీద కూర్చుని ఉంది.

"ఏమ్మే, నా లెక్క యాడికి పోయింది? నిన్నటి దంకా కనపడ్తా ఉండె."

మా సీమలో లెక్కంటే డబ్బే. మామయ్య పోయాక వచ్చే పెన్షనే ఆవిడకి ఆధారం. ఆ బ్యాంకు వాళ్ల యాప్ రాత్రికి రాత్రి రంగు మార్చుకుంది. రోజూ నొక్కే మీట ఉన్నచోట లేదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. మీట ఎక్కడుందో గుర్తు పెట్టుకుని నొక్కడమే వచ్చు.

"మారింది పైన తెర మాత్రమే అవ్వా, నీ డబ్బు ఎక్కడిదక్కడే ఉంది" అని పిల్ల కొత్త మీట వెతికి చూపించింది. అంకె కనిపించాక అత్త ఊపిరి పీల్చుకుంది గానీ, నమ్మకం మాత్రం కుదరలేదు. "మొగమే మారినాక మనిషి మారలేదంటే ఎట్ల నమ్మేది?" అంది.

ఆ మాటకి జవాబు ఆ రోజే అహోబిలంలో దొరికింది. కనుమ నాడు అక్కడ పార్వేట మొదలవుతుంది. ఎగువ అహోబిలం గుహలో ఉగ్ర నరసింహుడు వెలసినచోటు నుంచి కదలడు. దిగువన ప్రహ్లాద వరదుడి మూలవిరాట్టూ అంతే. కదిలేది ఉత్సవమూర్తులు. జ్వాలా నరసింహుడూ, ప్రహ్లాద వరదుడూ పల్లకీ ఎక్కి, తమ కల్యాణానికి రమ్మని పిలవడానికి నెల పైచిలుకు రోజులు ముప్పైకి పైగా పల్లెలు తిరుగుతారు. చెంచుల ఆడపడుచుని చేసుకున్న అల్లుడు కదా, చెంచులు బాణాలు వేసి మరీ మర్యాద చేస్తారు. పల్లకీ ఊరికొచ్చినంత మాత్రాన గుడిలో దేవుడు లేకుండా పోయాడని ఎవరూ అనుకోరు.

"అచ్చం ఇదే అత్తా!" అంది మా పిల్ల. ఏ యాప్‌లోనైనా రెండు భాగాలుండాలిట. ఎవరి ఖాతాలో ఎంతుంది, ఎవరికి రాయితీ, గడువు దాటితే ఏం చెయ్యాలి లాంటి నియమాలన్నీ లోపలి భాగంలో. రంగులూ, మీటలూ, అక్షరాలూ పై భాగంలో. తెర అడుగుతుంది, లోపలిది లెక్క కట్టి చెబుతుంది. అడిగింది ఏ తెరో, దాని రంగేమిటో లోపలిదానికి తెలియనే కూడదట. అప్పుడే తెర లేకుండా కూడా లెక్క సరిగా ఉందో లేదో విడిగా పరీక్ష చేసుకోవచ్చు.

1979లో ట్రీగ్వె రీన్స్‌కౌగ్ అనే నార్వే దేశస్థుడు అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధనాలయానికి వచ్చినప్పుడు దీన్నొక పద్ధతిగా కుదిర్చాడు. మోడల్, వ్యూ, కంట్రోలర్ అని మూడు పేర్లు పెట్టాడు. మోడల్ అంటే లోపలి లెక్క, వ్యూ అంటే కనిపించే మొగం, కంట్రోలర్ అంటే మనం నొక్కింది అందుకుని లోపలికి చేరవేసేది.

అంత దూరం దేనికి, మన రైలు రిజర్వేషనే చూడండి. ఇప్పుడున్న పద్ధతి 1994లో ముందు సికిందరాబాదులోనే మొదలైంది. అప్పుడు మొగం ఒకటే, స్టేషన్లో కిటికీ. 2002లో ఇంటర్నెట్ వచ్చింది, తర్వాత ఫోను వచ్చింది. బెర్తుల లెక్క మాత్రం లోపల ఒక్కటే. కాబట్టే మీరు కిటికీ దగ్గర కొన్న బెర్తుని ఇంకొకరు ఫోన్లో కొనలేరు. 2020 మార్చిలో వృద్ధుల రాయితీ ఆపేసినప్పుడు ఏ మొగాన్నడిగినా ఒకటే జవాబు. బాధ కలిగించే జవాబే, కానీ అందరికీ ఒకటే.

అలా లేకపోతే ఏమవుతుందో కూడా చూశాను. ఒక ప్రైవేటు బస్సు వాళ్లు కౌంటర్లో అత్తకి వయసు చూసి టికెట్టు తగ్గించారు. తిరుగు ప్రయాణానికి ఫోన్లో కొంటే పూర్తి ధర పడింది. తగ్గించాలన్న నియమాన్ని కౌంటరు తెరలోనే రాసి ఉంటారని మా పిల్ల అనుమానం. ఉప్పు పిండిలో కలపకుండా పెనం మీద చల్లారన్నమాట!

అలాగని తెర అంటే పైపై సోకు అనుకునేరు. ఉత్సవమూర్తికి జరిగే పూజ తక్కువదా? కొండెక్కలేని ముసలమ్మకి ఇంటిముందు కొచ్చిన పల్లకీయే దర్శనం. లెక్క లోపల భద్రంగా, విడిగా ఉంటే దానికి ఎన్ని మొగాలైనా అమర్చవచ్చు. పెద్దక్షరాల మొగం, తెలుగు మొగం, చదువు రానివాళ్లకి నోటితో మాట్లాడే మొగం. రెండూ కలగాపులగం చేస్తే ఒక్కో మొగానికీ నియమాలన్నీ మళ్లీ రాయాలి. అంత ఖర్చూ, అంత ఓపికా ఎవరికుంటాయి? చివరికి ఇంగ్లీషు వచ్చినవాళ్ల మొగం ఒక్కటే మిగులుతుంది.

ఇదంతా విని మా అత్త తేల్చింది: "సామి పల్లెకొచ్చేటప్పుడు ముందుగా చాటింపేస్తారు కదమ్మే! మీ బ్యాంకోళ్లు ఒక్క మాట చెప్పి మార్చకూడదా?"

మా పిల్ల దగ్గర దానికి జవాబు లేదు. మీ ఇళ్లలో ఇలాంటి ఉద్యోగాలు చేసే పిల్లలుంటే, ఈ మాట వాళ్ల చెవిన వెయ్యండి.