మూడవ పక్షము

కారు కొనుట వేరు, వేగముగల కారు కొనుట వేరు. మొదటిదానికి సంసారము కారణము చూపును: వాన, ఎండ, ముసలితనము, పిల్లల బడి. రెండవదానికి కోరిక తప్ప వేరు కారణము లేదు. ఉన్నదని వాదించువారు తమ్ము తామే మభ్యపెట్టుకొనువారు. షోలాపురము నుండి పుణె నగరమునకు వచ్చి యొక కంప్యూటరు సంస్థలో పనిచేయుచున్న యువకుడొకడు, 2023 లో తన యిరువదినాలుగవ యేట, ఇట్టి కారొకటి కొనదలచెను. అతడు కారణములు వెదకలేదు.

అతడు మనసుపడినది వోక్స్‌వేగన్ పోలో కార్లలో జి.టి. టి.ఎస్.ఐ. అను రకము. పుణె సమీపమున చాకణ్ కర్మాగారములో తయారై 2013 లో అంగడికి వచ్చినది. చూచుటకు సాధారణమైన చిన్న కారు. వెనుక తలుపుమీది అక్షరములు చదివినవానికే దాని గుట్టు తెలియును. యంత్రపు పరిమాణము 1,197 ఘన సెంటీమీటర్లు మాత్రమే. కాని బయటికి పోవు పొగయొక్క ఊపుతో చిన్న చక్రమొకటి తిరిగి, గాలిని అదిమి యంత్రములోనికి పంపును. దీనినే టర్బో యందురు. అందువలన ఆ చిన్న యంత్రము 105 అశ్వముల బలము నిచ్చును. ఏడు గేర్లు తమంతట తామే మారును. నిలిచియున్న చోటినుండి గంటకు నూరు కిలోమీటర్ల వేగమందుకొనుటకు పది సెకండ్లు పట్టదని తయారుచేసినవారి మాట. 2022 లో మన దేశమున పోలో తయారీ నిలిచిపోయెను. ఇక దొరకదన్నదానిపై మోజు పెరుగుట లోకసహజము. ఆరేండ్లు నడచిన 2017 నాటి బండికి యజమాని 6,80,000 రూపాయలు చెప్పి, ఒక్క రూపాయియు తగ్గననెను. యువకుని యొద్ద రెండేండ్ల జీతములో మిగిలిన రెండు లక్షలున్నవి. తక్కినది బ్యాంకు అప్పు.

తెలిసిన మెకానిక్కునొకని వెంటబెట్టుకొని అతడు బండి చూడబోయెను. మెకానిక్కు తొందరపడు మనిషి కాడు. టైరు ప్రక్కన అచ్చుపడిన నాలుగంకెలు మొదట చూచెను. వానిలో ముందటి రెండు అది తయారైన వారమును, వెనుకటి రెండు సంవత్సరమును తెలుపును. నాలుగింటిలో రెండు టైర్లు వేరొక యేటివి. చల్లగా నున్న యంత్రమును నడిపి వినెను; వేడెక్కిన పిదప మరల వినెను. రోడ్డుమీదికి తీసికొనిపోయి ఒకసారి గట్టిగా తొక్కి, వెంటనే కాలు తీసి, యజమాని వైపు చూచి నవ్వెను. బండి యుండవలసినదానికంటె ఎక్కువ బలముతో లాగుచున్నది. యజమాని గర్వముతోనే ఒప్పుకొనెను. యంత్రమును నడపు కంప్యూటరులోని ఆదేశములను మార్పించెనట. దానిని రీమ్యాప్ అందురు. ఒక మరమేకునైన విప్పకుండ, బలము 130 అశ్వములకు చేరెనని యాతడు చెప్పెను. ఆ మాటకు యువకుని గుండె ఝల్లుమనెను, భయముచేత కాదు.

బేరము కుదిరినది. ఇక బీమా. కారు వెదకుటకు మూడు నెలలు గడపినవాడు బీమాకు అరగంట చాలుననుకొనెను. ఆ వయస్సున అందరును అట్లే యనుకొందురు. ఇంగ్లండులోనైనచో ఆ యరగంటయే వాని కోరికకు మంగళము పాడెడిది. అచ్చటి బీమా సంస్థలు నడుపువాని వయస్సును గట్టిగా పట్టించుకొనును. క్రొత్తగా నడుపు యువకుడు వేగపు కారునకు కట్టవలసిన సొమ్ము ఒక్కొక్కప్పుడు పాతకారు వెలనే మించును. మన దేశమున చట్టము తప్పనిసరి చేసిన బీమాకు లెక్క వేరు. 2022 జూన్ నెలలో అమలునకు వచ్చిన పట్టికలో యంత్రపు పరిమాణమే కొలత: 1,000 ఘన సెంటీమీటర్లు మించనిదానికి పన్నుగాక 2,094 రూపాయలు, 1,500 మించనిదానికి 3,416, ఆపైన 7,897. నడుపువాడు పదునెనిమిదేండ్లవాడైనను అరువదేండ్లవాడైనను ఒక్కటే. బలముతోను పనిలేదు. పోలోలోనే 2020 లో వచ్చిన 999 ఘన సెంటీమీటర్ల టర్బో యంత్రము 110 అశ్వముల బలము కలది. అయినను దానికి తక్కువ సొమ్మే చాలును. పట్టిక యంత్రపు కడుపు కొలుచును గాని, దానిని తొక్కు కాలిని కొలువదు.

స్వంత బండికి కలుగు నష్టమునకు బీమా చట్టరీత్యా అవసరము కాదు. కాని అప్పిచ్చిన బ్యాంకు దానిని విడువనీయలేదు. అయిదేండ్లు దాటిన బండి విలువను సంస్థయు యజమానియు మాటలాడుకొని తేల్చుకొందురు గనుక అక్కడ కొంత బేరము జరిగెను. పాత యజమాని యేటేట పరిహారము కోరకుండుటచే సంపాదించుకొన్న తగ్గింపు నూటికి 50 వంతులుండెను. అది బండితో రాలేదు. అది మనిషిదే గాని బండిది కాదట. యయాతికి మనుమలు తమ పుణ్యమును ధారవోసిరని భారతకథ. బీమా సంస్థ యట్టి ధారల నంగీకరింపదు; క్రొత్తవాడు సున్నతోనే మొదలిడవలెను.

ఏజెంటు పత్రము నింపుచు ఒక గడి యొద్ద కలము నాపెను. బండిలో మార్పులేవైన చేయబడినవా? "కంటికి కనపడనిది వ్రాయనేల సారూ" అని తానే 'లేదు' అని వ్రాయబోయెను. యువకుడు ఆగుమనెను. బీమా యొప్పందమునకు పరమవిశ్వాసము మూలమనియు, అడిగినదానిని దాచరాదనియు న్యాయశాస్త్రము. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారుచేసినవాడు నిర్దేశించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను. ఇవి యతడు చదివినవే. అయినను ఆ క్షణమున అతనికి తోచినది చట్టము కాదు, 130 అశ్వములు. నిజము వ్రాసిన సంస్థ ఒప్పుకొనకపోవచ్చును; అబద్ధము వ్రాసిన ఎవరికిని తెలియకపోవచ్చును. సోమవారము చెప్పెదనని పత్రము తీసికొని షోలాపురమునకు బస్సెక్కెను.

షోలాపురమున తూర్పు పేటలు పద్మశాలీలవి. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ. పురుషులు మరమగ్గములపై దుప్పట్లు, తువాళ్లు నేయుదురు. స్త్రీలు తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుదురు. ఇతని తండ్రి యట్టి నేతపనివాడు. 2008 లో రాత్రిపని ముగించి సైకిలుమీద ఇంటికి వచ్చుచుండగా ఒక కారు వెనుకనుండి కొట్టినది. ఆయనకు ముప్పదినాలుగేండ్లు, కొడుకునకు తొమ్మిది, కూతునకు ఆరు. కారు నడిపినవానికి ఇరువదియొకటి.

ప్రాణమునకు వెల కట్టరాదందురు. కట్టక తప్పని చోటొకటి కలదు, మోటారు ప్రమాదముల ట్రిబ్యునలు. మృతుని సంపాదన నెలకు 4,500 రూపాయలని అది అంగీకరించెను, ఏటికి 54,000. ఆధారపడినవారు ముగ్గురు గనుక మూడవ వంతు ఆయన స్వంత వ్యయముగా తీసివేయగా 36,000. 2009 లో సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పులో స్థిరపరచిన ప్రకారము ఆ వయస్సునకు గుణకము 16. అన్నియు గుణింపగా 5,76,000. దానిపై అంత్యక్రియలు మున్నగువానికి కొంత, వడ్డీ కొంత. తీర్పు 2011 లో వచ్చినది. పిల్లల వాటా వారు మేజర్లగు వరకు బ్యాంకులో కదలింపరాదని షరతు. 2017 లో చేతికి వచ్చిన ఆ డిపాజిట్టే యితని ఇంజనీరింగు చదువునకు ఫీజైనది. దానిని కట్టినది కారు నడిపినవాడు కాదు, ఆ కారు బీమా.

తల్లికి అక్షరములు కొద్దిగనే వచ్చును. కాని మూడేండ్లు కోర్టు వరండాలలో కూర్చున్నది గనుక బీమా కాగితములోని మాటలు తెలియును. బీడీల చేట ప్రక్కకు జరిపి, ఫోనులో కారు బొమ్మ చూచి, "ఎర్రది బాగున్నది" అనెను. వెల విని యేమియు ననలేదు. తండ్రికి కట్టిన వెలకంటె అది యెక్కువ. ఆ లెక్క ఆమె చేసెనో లేదో గాని, కొడుకు బస్సులోనే చేసికొని వచ్చెను.

పత్రము చేతికి తీసికొని ఆమె యడిగెను: "బిడ్డా, ఇందులో మనకెంత, ఎదుటివానికెంత?"

యజమాని తానే నడుపుచు మరణించినచో 15 లక్షలను పంక్తిని అతడు చదువక దాటెను. 3,416 అను అంకెపై వ్రేలుంచి, ఎదుటివాని ప్రాణమునకు, గాయమునకు ఇందులో హద్దు లేదనియు, ఆస్తి నష్టమునకు మాత్రము 7,50,000 వరకనియు చెప్పెను. బీమా తీసికొన్నవాడు మొదటి పక్షము, సంస్థ రెండవ పక్షమని వివరింపబోగా ఆమె చేయి యడ్డము పెట్టెను.

"మూడవ పక్షమెవరో నాకు చెప్పకు."

కొంతసేపు తునికాకు కత్తిరించుకొని, తల యెత్తకుండనే మరల అనెను: "ఆ పిల్లవాడు కోర్టుకు ఒక్కసారే వచ్చినాడు. నేల చూస్తూ నిలబడినాడు. వాడి లైసెన్సు చెల్లదని కంపెనీ వకీలు ఏడాది లాగినాడు. ఆ యేడాది మనమేమి తిన్నామో నీకు గుర్తుండదులే."

గడి సంగతి కొడుకు ఆమెకు చెప్పనేలేదు.

సోమవారము బండిని మెకానిక్కు షెడ్డునకు తీసికొనిపోయిరి. పాత యజమాని నవ్వి, నీ యిష్టమనెను. మెకానిక్కు ల్యాప్‌టాపు తగిలించి, తయారైననాటి ఆదేశములను మరల ఎక్కించెను. గంటసేపు పట్టెను. ఇరువదియైదు అశ్వములు వచ్చినంత నిశ్శబ్దముగ పోయినవి. రోడ్డుమీద తొక్కి చూచినప్పుడు యువకుడు విచారపడెను, పడలేదనిన అబద్ధమగును. పిమ్మట ఆ గడిలో 'లేదు' అని తన చేతితో వ్రాసెను.

దీపావళికి అతడు 65వ జాతీయ రహదారి మీద రెండువందల యేబది కిలోమీటర్లు నడపుకొని ఇంటికి వచ్చెను. తల్లి బీమా పత్రపు నకలు అడిగి తీసికొని, ఇనుపపెట్టెలో 2011 నాటి తీర్పు క్రింద పెట్టెను. తరువాత కూతును ముందు సీటులో కూర్చుండబెట్టి, తాను వెనుక కూర్చుండి, ఇక్కడి బెల్టు ఎక్కడనున్నదని యడిగెను.